జ్వరం వదిలినా జబ్బు వదలదు: ఇన్ఫెక్షన్‌లా కనిపించే కవసాకి వ్యాధి

వానాకాలం నడిమి నుంచి చలి మొదలయ్యే దాకా విశాఖపట్నంలో ఏ పిల్లల క్లినిక్ ముందు చూసినా జ్వరాల వరసే. వైరల్, డెంగ్యూ, టైఫాయిడ్. పాడేరు, అరకు వైపు నుంచి దిగివచ్చినవాళ్ళలో మలేరియా, స్క్రబ్ టైఫస్. ఆ వరసలో ఎప్పుడో ఒకసారి ఇలాంటి బిడ్డ కూడా ఉంటుంది: అయిదు రోజులుగా 103 జ్వరం, ఎర్రబడ్డ కళ్ళు, పగిలి రక్తం చెమర్చే పెదాలు, ఒంటి నిండా దద్దు, ఎత్తుకున్నా ఊరుకోని ఏడుపు. చూసినవాళ్ళందరికీ ఇన్ఫెక్షనే అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పు లేదు. ఈ లక్షణాల్లో ఒక్కొక్కదానికి మామూలు కారణం ఇన్ఫెక్షనే. అవన్నీ ఒకే బిడ్డలో, ఒకే వారంలో పోగుపడినప్పుడు మాత్రం కవసాకి వ్యాధి అనే పేరు గుర్తుకు రావాలి.

దీనికి క్రిమి దొరకదు, యాంటీబయాటిక్‌తో లొంగదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. "ఇదే" అని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. కళ్ళతో చూసి, రోజులు లెక్కపెట్టి, మిగతావి కావని తేల్చుకుని పోల్చుకోవాల్సిందే.

## ధమని గోడలో జరిగేది

1961 జనవరిలో టోక్యో రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో తొమిసాకు కవసాకి అనే పిల్లల వైద్యుడు నాలుగేళ్ళ బాబులో ఈ లక్షణాల కూర్పును మొదటిసారి గమనించాడు. అప్పటికి దానికి పేరు లేదు. అలాంటి 50 మంది పిల్లల వివరాలు పోగుచేసి 1967లో జపనీస్‌లో ప్రచురించాడు. ఇంగ్లీషులో వచ్చింది 1974లో. మొదట్లో దీన్ని దానంతట అదే తగ్గిపోయే జబ్బుగానే భావించారు. తగ్గి ఇంటికి వెళ్ళిన పిల్లల్లో కొందరు హఠాత్తుగా చనిపోవడం, పోస్టుమార్టంలో గుండె ధమనులు ఉబ్బి రక్తం గడ్డకట్టి కనిపించడంతో అసలు సంగతి బయటపడింది.

కవసాకి ఒక వాస్క్యులైటిస్, అంటే రక్తనాళాల గోడకే వచ్చే వాపు. క్రిములతో పోరాడాల్సిన తెల్లకణాలు మధ్యరకం ధమనుల గోడల్లోకి దిగి, గోడకు సాగే గుణమిచ్చే పొరను పాడుచేస్తాయి. ఒంట్లో చాలా చోట్ల ఇది జరిగినా, ప్రాణం మీదకు తెచ్చేది మాత్రం గుండె కండరానికి రక్తం పోసే కరోనరీ ధమనుల్లో జరిగేది. సైకిల్ ట్యూబు పలచబడ్డ చోట గాలి కొడితే బుడగలా లేస్తుంది చూడండి, ధమని గోడ కూడా అలాగే ఉబ్బుతుంది. దాన్ని ఎన్యూరిజం అంటారు. ఉబ్బిన చోట రక్తం నెమ్మదిగా సుడి తిరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే రక్తంలో ప్లేట్‌లెట్లు విపరీతంగా పెరుగుతాయి. రెండూ కలిస్తే గడ్డ కట్టడానికి ఇంకేం కావాలి? మూడేళ్ళ బిడ్డకు గుండెపోటు వచ్చే దారి ఇదే.

చికిత్స లేకపోతే సుమారు నలుగురిలో ఒకరికి కరోనరీ ధమనులు ఉబ్బుతాయి. సరైన సమయంలో ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కిస్తే అది దాదాపు 4 శాతానికి పడిపోతుంది. ఈ జబ్బును పోల్చుకోవడం మీద ఇంత పట్టుదల అందుకే.

ఇందులో ఒక మోసం ఉంది. చికిత్స చేయకపోయినా జ్వరం ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతట అదే దిగిపోతుంది. పన్నెండో రోజున ఎవరి మందు వాడుతుంటే ఆ మందుకే పేరొస్తుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఉబ్బు మాత్రం ఆ తర్వాత కూడా పెరుగుతూ ఉండవచ్చు.

## అయిదు గుర్తులు, దగ్గర నుంచి

జబ్బుపడే పిల్లల్లో 80 శాతం దాకా అయిదేళ్ళ లోపువాళ్ళే. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో కొంచెం ఎక్కువ. జ్వరం సాధారణంగా 102 నుంచి 104 మధ్య ఉంటుంది. పేరాసిటమాల్ పోస్తే కాస్త దిగి మళ్ళీ లేస్తుంది. దీనికి తోడు అయిదు గుర్తులున్నాయి. కనీసం అయిదు రోజుల జ్వరం, అయిదింటిలో నాలుగు గుర్తులు ఉంటే పూర్తి కవసాకి అంటారు.

కళ్ళు: రెండూ ఎర్రబడతాయి, పుసి ఉండదు. పొద్దున్న లేచేసరికి రెప్పలు అతుక్కుపోవు, నీళ్ళు కూడా పెద్దగా కారవు. కిటికీ వెలుగులో బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూస్తే, తెల్లగుడ్డు అంతా ఎర్రబడినా నల్లగుడ్డు చుట్టూ సన్నటి తెల్లటి ఉంగరం మిగిలి ఉంటుంది. మామూలు కళ్ళకలకలో ఈ ఉంగరం అంత స్పష్టంగా ఉండదు.

నోరు: పెదాలు ముదురు ఎరుపెక్కి, ఎండి, నిలువుగా పగులుతాయి. నాలుక మీద తెల్లపొర ఊడి, ఎర్రటి బుడిపెలు పైకి తేలి స్ట్రాబెర్రీలా కనిపిస్తుంది. స్ట్రాబెర్రీ చూడనివాళ్ళు పండిన మల్బరీ పండు అనుకుంటే సరిపోతుంది. నోటిలో పుండ్లు, పొక్కులు, టాన్సిల్స్ మీద చీము ఉంటే కవసాకి అవకాశం తగ్గుతుంది.

దద్దు: దీనికి ఒక రూపమంటూ లేదు. తట్టులా ఉండొచ్చు, దురద దద్దుర్లలా ఉండొచ్చు. నీటి పొక్కులు మాత్రం రావు. గజ్జల్లో, డైపర్ కట్టే చోట ఎక్కువగా ఉండి అక్కడి తోలు మొదటి వారంలోనే ఊడటం మంచి ఆధారం. వైద్య పుస్తకాల్లో ఫొటోలు ఎక్కువగా తెల్లతోలు పిల్లలవి. మన పిల్లల చామనఛాయ మీద ఆ గులాబీ రంగు కనపడదు. ముదురు గోధుమ, ఊదా ఛాయలు మాత్రమే తెలుస్తాయి. అందుకే ఎరుపు వెతకాలంటే అరచేతులు, అరికాళ్ళు, పెదాలు, నాలుక చూడాలి.

చేతులు, కాళ్ళు: మొదటి వారంలో అరచేయి ఎర్రబడి, మణికట్టు దిగువ బిగుసుకుపోయినట్టు ఉబ్బుతుంది. బొమ్మ పట్టుకోడు, నిలబెడితే ఏడుస్తాడు. నొక్కితే సొట్ట పడని గట్టి వాపు అది. రెండు మూడు వారాలకు గోరు కొస కింద నుంచి తోలు లేవడం మొదలై, గ్లౌజు వేలి కొస ఊడినట్టు పొరగా వస్తుంది. చాలా కుటుంబాలు మొదటిసారి భయపడేది ఇది చూసే. అప్పటికి చికిత్సకు అనువైన సమయం దాటిపోయి ఉంటుంది. ఒకటి రెండు నెలల తర్వాత గోళ్ళ మీద అడ్డంగా గాడి కూడా పడుతుంది.

మెడ బిళ్ళ: సాధారణంగా ఒకవైపే, ఒకటిన్నర సెంటీమీటరు లేదా అంతకంటే పెద్దది. అయిదింటిలో అతి తక్కువగా కనిపించేది ఇదే.

ఈ అయిదింటి జాబితాలో లేనిది మరొకటుంది. మన దేశంలో దాని విలువ ఎక్కువ: ఎడమ జబ్బ మీద బీసీజీ టీకా మచ్చ. పుట్టినప్పుడు వేసిన టీకా జాడ, నెలల తరబడి చప్పబడి ఉన్నది, ఈ జ్వరంలో ఉన్నట్టుండి ఎర్రబడి గట్టిపడితే అది కవసాకి వైపు గట్టిగా వేలు చూపిస్తుంది. బీసీజీ వేయని దేశాల వైద్యులకు ఈ ఆధారం దొరకదు. మనకు దొరుకుతుంది, చొక్కా విప్పి చూస్తే.

## ఒకేసారి కనపడవు: ఒక వారం లెక్క

గుర్తులన్నీ ఒకే రోజు ఉండాల్సిన పనిలేదు. ఒకటి వచ్చేసరికి ఇంకొకటి వెళ్ళిపోతుంది. పోల్చుకోవడంలో జరిగే పొరపాట్లకు పెద్ద మూలం ఇదే. ఊహించిన ఉదాహరణ ఒకటి చూద్దాం: గాజువాకలో రెండేళ్ళ బాబు, బరువు 12 కిలోలు.

సోమవారం రాత్రి పదింటికి ఒళ్ళు కాలింది. మంగళవారం దగ్గర్లోని క్లినిక్‌లో పేరాసిటమాల్ సిరప్. బుధవారం కళ్ళు ఎర్రబడితే కళ్ళకలకని చుక్కల మందు, ఒక యాంటీబయాటిక్. గురువారం పొట్ట మీద, గజ్జల్లో దద్దు. "మందు పడలేదు" అని యాంటీబయాటిక్ మార్చారు. శుక్రవారానికి కళ్ళు తేటపడ్డాయి, పెదాలు పగిలాయి. "వేడి చేసింది, సబ్జా నీళ్ళు పట్టండి" అని అమ్మమ్మ అంది. శనివారం దద్దు మాసిపోయింది, చేతులు ఉబ్బాయి, మూడో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

శనివారం చూసిన డాక్టరు కళ్ళకు కనపడేవి రెండే: పెదాలు, చేతులు. బుధవారం నాటి కళ్ళ ఫొటో, గురువారం నాటి దద్దు ఫొటో తల్లి ఫోనులో ఉంటే అవి నాలుగవుతాయి. జ్వరం ఆరో రోజు, నాలుగు గుర్తులు. అంటే పూర్తి కవసాకి. ఫోను చూపించకపోతే అదే బిడ్డ "ఏదో వైరల్".

రోజుల లెక్కలోనూ చిన్న మెలిక ఉంది. వైద్యుల లెక్కలో జ్వరం మొదలైన రోజే ఒకటో రోజు; రాత్రి పదింటికి మొదలైనా సోమవారమే ఒకటి, శుక్రవారం అయిదు, వచ్చే బుధవారం పది. ఇంట్లో లెక్క మంగళవారం నుంచి మొదలవుతుంది, "నిండా మూడు రోజులే అయింది" అంటారు. క్లినిక్ మారినప్పుడల్లా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవడం ఇంకో చిక్కు. పాత చీటీ మీది తేదీ కొత్త డాక్టరుకు ఏ పరీక్ష కంటే తక్కువ కాదు.

నాలుగు గుర్తులు స్పష్టంగా ఉండి, ముఖ్యంగా చేతులు, కాళ్ళు ఉబ్బితే నాలుగో రోజునే నిర్ధారణ చేయవచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాలు చెప్తున్నాయి. అయిదో రోజు అన్నది దాటకూడని గీత కాదు.

## దేనితో పొరబడతారు, తేడా ఎక్కడ

డెంగ్యూ: కళ్ళు, ముఖం ఎర్రబడటం దీనిలోనూ ఉంది. కానీ డెంగ్యూలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) పెద్దగా పెరగదు, జ్వరం సాధారణంగా వారంలోపే దిగుతుంది. విశాఖలో జ్వరం వస్తే ఇంట్లో మొదట అడిగేది "ప్లేట్‌లెట్లు ఎంత?" అనే. నాలుగు లక్షలు అంటే అందరికీ నిశ్చింత. కవసాకిలో భయపడాల్సింది అటువైపునే: రెండో వారంలో అవి 4.5 లక్షలు దాటి, ఒక్కోసారి 10 లక్షల దాకా పోతాయి. మొదటి వారంలో మాత్రం మామూలుగానే ఉంటాయి కాబట్టి ఆ అంకె చూసి కాదనీ అవుననీ చెప్పలేం.

స్క్రబ్ టైఫస్: తుప్పలు, పొలాల్లోని సన్నటి పురుగు కుట్టడం వల్ల వస్తుంది. దీనిలోనూ దద్దు, ఒంటి వాపు, రోజుల తరబడి జ్వరం ఉంటాయి. చంకల్లో, గజ్జల్లో, చెవి వెనక బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనపడితే దాదాపు తేలిపోయినట్టే. డాక్సీసైక్లిన్ పడిన 48 గంటల్లో జ్వరం దిగడం మరో ఆధారం.

తట్టు: జలుబు, దగ్గు, నీళ్ళు కారే కళ్ళతో మొదలై, దద్దు చెవుల వెనక నుంచి ముఖానికి, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. బుగ్గల లోపల ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు కనిపిస్తాయి. అమ్మవారు పోసిందని డాక్టరు దగ్గరికి తీసుకురాకుండా వారం ఆపే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాళ్ళ నమ్మకం సంగతి పక్కన పెడితే, ఆ వారమే ఇక్కడ విలువైనది.

స్కార్లెట్ ఫీవర్: నాలుక అచ్చం కవసాకిలాగే ఉంటుంది, దద్దు గరుకు కాగితంలా తగులుతుంది. కళ్ళు ఎర్రబడవు, పెదాలు పగలవు. అమాక్సిసిలిన్‌తో ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది. ఎడినోవైరస్‌లో కంటిలో పుసి, టాన్సిల్స్ మీద చీము ఎక్కువ. చేతులు, కాళ్ళు, నోటి పొక్కుల జబ్బులో నీటి పొక్కులుంటాయి. అక్కడితో సందేహం తీరుతుంది.

మందు పడకపోవడం: మూడో రోజు యాంటీబయాటిక్, నాలుగో రోజు దద్దు. నెపం మందు మీదికి పోవడం సహజం. నిజంగా మందు వల్లనే కూడా కావచ్చు. మందు ఆపి చూసినా జ్వరం 103 దగ్గరే ఉంటే ఆ వివరణ చాలదు.

మెడగడ్డ: పెద్దపిల్లల్లో ఒక్కోసారి జ్వరం, మెడబిళ్ళ మాత్రమే ముందు వస్తాయి. చీముగడ్డ అనుకుని కోయడానికి సిద్ధపడతారు. అల్ట్రాసౌండ్‌లో చీముతో నిండిన ఒక గడ్డకు బదులు ద్రాక్షగుత్తిలా అనేక బిళ్ళలు కనపడితే ఆగి ఆలోచించాలి.

యూరిన్ ఇన్ఫెక్షన్: మూత్రపరీక్షలో పస్ సెల్స్ 15, 20 వస్తాయి, కల్చర్‌లో మాత్రం ఏ క్రిమీ పెరగదు. కారణం ఏమిటంటే, వాపు మూత్రనాళంలో కూడా ఉంటుంది. పసిపిల్లల్లో చికాకు ఎక్కువై వెన్నులో నీరు తీసి చూస్తే అక్కడా తెల్లకణాలుంటాయి, క్రిమి ఉండదు. "ఇన్ఫెక్షన్ ఉంది కానీ క్రిమి దొరకలేదు" అని రెండు రిపోర్టులు వరసగా చెప్తుంటే అదే ఒక ఆధారం.

టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష గురించి ఒక్క మాట. పాత టైఫాయిడ్‌తోనో, టీకాతోనో కూడా అది పాజిటివ్ చూపించగలదు. ఒక్క వైడాల్ పట్టుకుని పది రోజులు టైఫాయిడ్ మందులు నడిపితే పోయేది సరిగ్గా ఆ పది రోజులే.

2020 తర్వాత ఈ జాబితాలోకి మరొకటి చేరింది: కోవిడ్ సోకిన రెండు నుంచి ఆరు వారాలకు పిల్లల్లో అనేక అవయవాలకు వాపు తెచ్చే మిస్‌-సి. గుర్తులు కవసాకితో చాలావరకు కలుస్తాయి. అయితే అది ఎక్కువగా బడి వయసు పిల్లల్లో. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు ముందుంటాయి. ప్లేట్‌లెట్లు తక్కువగా, గుండె కొట్టుకునే బలమే తగ్గి కనిపిస్తుంది. కవసాకిలో సమస్య ప్రధానంగా ధమనులది.

## రిపోర్టు చదివేటప్పుడు తప్పే లెక్క

అనుమానం ఉన్నప్పుడు మొదట చూసేవి వాపును చూపే రెండు రక్తపరీక్షలు, సీఆర్‌పీ, ఈఎస్ఆర్. మార్గదర్శకాల్లో సీఆర్‌పీ హద్దు 3 మిల్లీగ్రాములు, డెసీలీటరుకు. మన ల్యాబులు ఎక్కువగా ఇచ్చేది లీటరుకు. అంటే రిపోర్టులో హద్దు 30. లీటరుకు 8 అని ఉంటే "3 దాటింది" అనుకుని కంగారు పడేవాళ్ళూ ఉన్నారు, డెసీలీటరుకు 8 అని ఉంటే "ఎనిమిదేగా" అని తోసేసేవాళ్ళూ ఉన్నారు. అంకె పక్కన యూనిట్ చూడకుండా ఆ రిపోర్టు చదవకూడదు. ఈఎస్ఆర్ హద్దు గంటకు 40 మిల్లీమీటర్లు. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాక ఈఎస్ఆర్ దానివల్లే పెరుగుతుంది కాబట్టి ఆ తర్వాత దాన్ని నమ్మరు, సీఆర్‌పీనే చూస్తారు.

ఈ రెంటిలో ఏదైనా హద్దు దాటితే మరో ఆరు చూస్తారు: వయసుకు తగని రక్తహీనత, ఏడో రోజు తర్వాత 4.5 లక్షలు లేదా అంతకు మించిన ప్లేట్‌లెట్లు, డెసీలీటరుకు 3 గ్రాములు లేదా అంతకు తక్కువ ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), పెరిగిన ఏఎల్‌టీ (కాలేయ పరీక్ష), 15 వేలు లేదా ఆ పైన తెల్లకణాలు, మూత్రంలో 10 లేదా ఆ పైన పస్ సెల్స్. వీటిలో మూడు కలిసినా, ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) ధమని మార్పు కనిపించినా చికిత్స మొదలుపెట్టవచ్చు.

## సగం గుర్తులతో వచ్చే పసిబిడ్డ

పై పరీక్షల మెట్లు ఎవరికోసం? అయిదు రోజులు దాటిన జ్వరంతో రెండో మూడో గుర్తులే ఉన్న పిల్లల కోసం. దీన్ని అసంపూర్ణ కవసాకి అంటారు. అసంపూర్ణం గుర్తులకే గానీ ప్రమాదానికి కాదు. ఆరు నెలల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ, ధమని ఉబ్బే అవకాశం కూడా వాళ్ళలోనే ఎక్కువ. తక్కువ గుర్తులు, ఎక్కువ ప్రమాదం. ఈ జబ్బులో అన్నిటికంటే ఇబ్బందిపెట్టే ముడి ఇదే.

మళ్ళీ ఊహించిన ఉదాహరణే: అనకాపల్లి వైపు అయిదు నెలల పాప. ఏడు రోజులుగా జ్వరం. కళ్ళు ఒకరోజు ఎర్రబడి పోయాయి, దద్దు లేదు, బిళ్ళ లేదు. పాలు తాగదు, నిద్రపోదు. కల్చర్లు నెగటివ్. సీఆర్‌పీ లీటరుకు 92, ఆల్బుమిన్ 2.8, తెల్లకణాలు 19 వేలు, మూత్రంలో పస్ సెల్స్ 20. గుర్తులు లెక్కిస్తే ఒకటే. కానీ పసిపిల్లల్లో కారణం తేలని జ్వరం ఏడు రోజులుంటే, ఇతర గుర్తులు లేకపోయినా ఈ మెట్లు ఎక్కాలన్నది నియమం. ఇక్కడ సీఆర్‌పీ హద్దు దాటింది, ఆరింటిలో మూడు కలిశాయి. ఎకో చేసి, చికిత్స గురించి అదే రోజు తేల్చాల్సిన బిడ్డ.

అలాగని జ్వరంతో ఎర్రకళ్ళున్న ప్రతి బిడ్డకీ ఎకో అక్కర్లేదు. వైరల్ జ్వరాలు చాలావరకు నాలుగైదు రోజుల్లో దిగుతాయి, పిల్లలు జ్వరం లేని వేళల్లో ఆడుకుంటారు. కవసాకి బిడ్డ టెంపరేచర్ దిగిన వేళ కూడా ఆడుకోడు. ఈ తేడా ఏ మార్గదర్శకంలోనూ అంకెగా లేదు, కానీ తల్లులు చెప్పే మాటల్లో దీన్ని పట్టించుకోవాలి.

## కారణం మీద వాదనలు

ఒక పక్షం: ఏదో ఒక క్రిమి దీన్ని రగిలిస్తుంది. జపాన్‌లో 1979, 1982, 1986లలో కేసులు అంటువ్యాధిలా ఎగిశాయి. 2020లో మాస్కులు, బడుల మూతతో కేసులు తగ్గాయి. మరో పక్షం: ఒక్క క్రిమి అయితే ఇన్ని దశాబ్దాల్లో దొరికి ఉండేది, అనేక మామూలు క్రిముల్లో ఏదైనా నిప్పురవ్వ కావచ్చు, మండే గుణం బిడ్డ జన్యువుల్లో ఉంది. జపాన్ సంతతి పిల్లలు హవాయిలో పెరిగినా వాళ్ళలో ఇది ఎక్కువే. జపాన్‌లో ఒక బిడ్డకు వస్తే తోబుట్టువులకు వచ్చే అవకాశం సుమారు పదిరెట్లు. రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు, కలిపి చూసేవాళ్ళే ఎక్కువ.

ఈ వాదన వల్ల క్లినిక్‌లో తేలే సంగతి ఒకటుంది. గొంతు స్వాబ్‌లో ఏదో వైరస్ దొరికినంత మాత్రాన కవసాకి కాదని తోసేయలేం. రెండూ ఒకేసారి ఉండగలవు.

## చికిత్స: ఒప్పుకునేవి, ఒప్పుకోనివి

అందరూ ఒప్పుకునేది ఇమ్యునోగ్లోబులిన్: వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు. కిలోకు 2 గ్రాములు, ఒకే విడతగా, 10 నుంచి 12 గంటలు, పదో రోజు లోపు. మన గాజువాక బాబుకు 24 గ్రాములు. అయిదు గ్రాముల సీసాలైతే అయిదు. 5 శాతం ద్రవమైతే 480 మిల్లీలీటర్లు. మందు ఖరీదు బరువును బట్టి పెరుగుతుంది కాబట్టి పెద్దపిల్లల కుటుంబాల మీద భారం ఎక్కువ. మెల్లగా మొదలుపెట్టి, మొదటి గంట నాడి, బీపీ దగ్గరుండి చూస్తారు. ఏ, బీ, ఏబీ బ్లడ్ గ్రూపుల పిల్లల్లో దీనివల్ల ఎర్రకణాలు విరిగి కొద్ది రోజుల్లో హిమోగ్లోబిన్ పడిపోవచ్చు; డిశ్చార్జ్ తర్వాత పాలిపోయినట్టు కనిపిస్తే అది గుర్తుంచుకోవాలి.

పదో రోజు దాటితే తలుపు మూసేసినట్టు కాదు. జ్వరం ఇంకా ఉన్నా, సీఆర్‌పీ ఎక్కువగా ఉండి ధమని మార్పు కనిపించినా ఆ తర్వాత కూడా ఇస్తారు.

ఆస్పిరిన్ మోతాదు మీద ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో చాలాకాలం రోజుకు కిలోకు 80 నుంచి 100 మిల్లీగ్రాములు, జపాన్‌లో 30 నుంచి 50. పెద్ద మోతాదు జ్వరాన్ని త్వరగా దించవచ్చు గానీ ధమనులను అదనంగా కాపాడుతుందని రుజువు కాలేదు; అందుకే తక్కువ వైపు మొగ్గేవాళ్ళు పెరుగుతున్నారు. జ్వరం దిగి రెండు మూడు రోజులయ్యాక అందరూ కలిసేది 3 నుంచి 5 మిల్లీగ్రాముల దగ్గర. 12 కిలోల బిడ్డకు 36 నుంచి 60 అవుతుంది. కరిగే 75 బిళ్ళలో సగం 37.5, లెక్కకు సరిపోతుంది. పేగులో కరిగేలా పూత వేసిన బిళ్ళను విరిస్తే పూత పని చెడుతుంది. రెండు రకాలూ మందుల షాపులో పక్కపక్కనే ఉంటాయి.

మొదటే స్టిరాయిడ్లు కలపాలా? జపాన్‌లో ప్రమాదం ఎక్కువున్న పిల్లల్లో ప్రెడ్నిసొలోన్ కలిపితే మేలు జరిగిందని 2012లో వచ్చిన రైజ్ అధ్యయనం చూపింది. ఆ ప్రమాదాన్ని లెక్కగట్టే జపాన్ స్కోరు ఇతర జాతుల పిల్లల్లో అంతబాగా పనిచేయలేదు. ఇప్పుడు మొగ్గు దేనికంటే, ఆరు నెలల లోపు పిల్లలకు, మొదటి ఎకోలోనే ధమని ఉబ్బినవాళ్ళకు మొదటే స్టిరాయిడ్ గానీ, వాపును అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు గానీ కలపడం. ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ఉన్న మన చోట, అది ఇన్ఫెక్షన్ కాదని గట్టిగా తేలకముందే స్టిరాయిడ్ మొదలుపెట్టడానికి వెనకాడే వైద్యుల జంకు కూడా అర్థం చేసుకోదగ్గదే.

పది నుంచి ఇరవై శాతం పిల్లల్లో మొదటి విడతకు జబ్బు లొంగదు. ఎక్కించడం పూర్తయిన 36 గంటల తర్వాత కూడా జ్వరం ఉన్నా, మళ్ళీ వచ్చినా అలా లెక్క. ఆదివారం పొద్దున్న 8 గంటలకు పూర్తయితే సోమవారం రాత్రి 8 నుంచి ఆ లెక్క మొదలు. ఈలోపు కాస్త వెచ్చబడితే మందు పనిచేయలేదని అనుకోనక్కర్లేదు.

## ఎకో, మిల్లీమీటర్లు, ఆ తర్వాతి నెలలు

ఎకో నిర్ధారణ సమయంలో ఒకటి, ఒకటి రెండు వారాలకు మరొకటి, నాలుగు నుంచి ఆరు వారాలకు ఇంకొకటి. మొదటి వారంలో ఎకో మామూలుగా ఉండటం చాలా సాధారణం. "గుండె బాగానే ఉంది కాబట్టి కవసాకి కాదు" అన్న మాట అక్కడే తప్పుతుంది. 3 మిల్లీమీటర్ల ధమని పదేళ్ళ పిల్లకు మామూలు, ఆరు నెలల బిడ్డకు ఉబ్బు. అందుకే ఒంటి కొలతకు సరిచేసిన జడ్ స్కోరు అడగాలి: 2 లోపు మామూలు, 2.5 నుంచి చిన్న ఎన్యూరిజం, 5 నుంచి మధ్యరకం, 10 లేదా ఆ పైన, లేకపోతే 8 మిల్లీమీటర్లు వస్తే, భారీ ఎన్యూరిజం. భారీ వాటికి ఆస్పిరిన్‌తో పాటు రక్తాన్ని పలచబరిచే మందు, ఏళ్ళ తరబడి కార్డియాలజిస్టు పర్యవేక్షణ తప్పవు. ఏడ్చే బిడ్డలో ఈ కొలత రాదు. నిద్రపుచ్చి, పిల్లల ఎకోలో చెయ్యి తిరిగినవాళ్ళతో తీయించాలి. శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్ళు విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రి దాకా రావాల్సిన అవసరం తరచుగా ఇక్కడే పడుతుంది.

ధమనులు మామూలుగా ఉంటే ఆస్పిరిన్ ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆపేస్తారు. అది వాడుతున్నంతకాలం ఐబుప్రోఫెన్ పడితే ఆస్పిరిన్ పని దెబ్బతింటుంది. మన దగ్గర అమ్మే జ్వరం సిరప్‌లలో పేరాసిటమాల్‌తో కలిపి ఐబుప్రోఫెన్ ఉన్నవి చాలా ఉన్నాయి, సీసా మీద రెండో పేరు కూడా చదవాలి. ఆ రోజుల్లో ఆటలమ్మ, ఫ్లూ సోకిన బిడ్డతో కలవనివ్వకపోవడానికి కారణం రై సిండ్రోమ్ అనే అరుదైన మెదడు, కాలేయ ప్రమాదం.

చివరిది టీకాలు. ఎక్కించిన యాంటీబాడీలు తట్టు, ఆటలమ్మ టీకాలను పట్టనివ్వవు, అందుకే వాటిని 11 నెలలు వాయిదా వేస్తారు. పోలియో చుక్కలకు ఈ అడ్డు లేదు. చుట్టుపక్కల తట్టు వ్యాపిస్తుంటే ముందే వేసి తర్వాత మళ్ళీ వేస్తారు. అక్టోబరు 12న ఇమ్యునోగ్లోబులిన్ పడిన బాబుకు రెండో ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) ఇంకా బాకీ ఉంటే, అది వచ్చే ఏడాది సెప్టెంబరు 12 తర్వాతే. ఈలోపు ఏఎన్ఎం ఇంటికి వచ్చి పిలుస్తుంది, ఆమె కార్డులో ఉన్నది పాత తేదీ కాబట్టి. డిశ్చార్జ్ కాగితం జిరాక్సు ఆ కార్డుకు పిన్ను కొట్టి ఉంటే ఇద్దరికీ పని సులువు.